రాజుగారి కింది పెదవి

ఇరవై రెండేళ్ళలో నేను ఇరవై ఇద్దరు పెద్దమనుషుల్ని గదతో కొట్టించాను. ఈ సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తిరుపతి బజార్లో ఎదురుపడితే బాగున్నారా అని పలకరిస్తారు. నేను రెండు చేతులూ జోడిస్తాను. నా అంత వినయం గల మనిషి మా వీధిలోనే లేడని పేరు కూడా తెచ్చుకున్నాను.

ఇందులో పోలీసులు కల్పించుకోవలసింది ఏమీ లేదు. దెబ్బ పడేది మట్టికి. మా ఊరు ఐరాల దగ్గర ఒక చిన్న పల్లె. మా వైపు ఊళ్ళలో ఎండాకాలంలో పద్దెనిమిది రోజుల తిరునాళ్ళు జరుగుతాయి. అన్నదమ్ముల బిడ్డలు రాజ్యం కోసం కొట్టుకున్న కథని రోజుకింత చొప్పున చెప్పి, ఆడి, ఆఖరి రోజు ఓడిపోయిన రాజుని చంపుతారు. ఆ రాజు వేషం మనిషి కట్టడు. తిరునాళ్ళ మిట్ట మీద నలభై అడుగుల పొడవున మట్టితో బొమ్మ చేసి, వెల్లకిలా పడుకోబెడతాం. కిరీటం, మీసం, నగలు, అన్నీ మట్టే. తొడలో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళ కుండ పూడ్చిపెడతాం. గద పట్టిన వేషగాడు చుట్టూ తిరిగి తిరిగి ఆ తొడ మీద ఒక్కటిస్తాడు. కుండ పగిలి ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. ఆ వెంటనే ఆడవాళ్ళు కొంగులు బిగించి బొమ్మ మీద పడతారు. ఆ మట్టి ఇంట్లో ఉంటే ధాన్యానికి కొదవుండదని, చేలో చల్లితే పంట బాగుంటుందని నమ్మకం. అరగంటలో రాజుగారు ఉన్న చోట చదునైన నేల మిగులుతుంది.

ఈ విషయంలో మా ఊళ్ళో రెండు కట్టుబాట్లున్నాయి. మట్టి తడిగా ఉన్నంతవరకు ఆ రాజు పేరు ఎవరూ పలకకూడదు, పలికితే బొమ్మ నెర్రెలిస్తుంది. ఎందుకైనా మంచిదని నేను ఇక్కడ కూడా పలకడం లేదు. రాజుగారు అంటే ఎవరో మీకెలాగూ తెలుసు. రెండోది, బొమ్మ ఎవరు చేశారని బయటివాళ్ళు అడిగితే, ‘ఊరు చేసినాది’ అనాలి. మనిషిని చూపించకూడదు. నా ఇరవై రెండేళ్ళ దొంగపనికి ఈ రెండో కట్టుబాటు చాలా అనుకూలపడింది.

ఒళ్ళంతా ఊరివాళ్ళే పేరుస్తారు. ముఖం మాత్రం చిత్తూరులో ఉండే ఒక సాయబుది. ఆయన వృత్తి సిమెంటు బొమ్మలు. చిత్తూరు ఇళ్ళ పిట్టగోడల మీద కూర్చున్న సింహాలు, కిటికీల పైన పురి విప్పిన నెమళ్ళు చాలామటుకు ఆయన చేతి పనే. వాళ్ళ నాయన కాలం నుంచీ మా ఊరి రాజుగారి ముఖం వాళ్ళే చేస్తున్నారు. నేను ఆయన్ని మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తిరునాళ్ళకి వచ్చి ఊరికే చూస్తూ నిలబడితే, ‘సూసేదానికి దుడ్లు ఇస్తారా నీకు? ఈ చెవి పట్టు’ అని ఒక చెవి అప్పజెప్పాడు. చేశాను. బాగుందనలేదు, బాగాలేదనలేదు. మూడేళ్ళ పాటు నా చేత చెవులే చేయించాడు. తర్వాత ఆయన వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. ముఖం నాకు వదిలేసి, పక్కన నులకమంచం వేసుకుని, నన్ను తిట్టడం ఒక్కటే తన పనిగా పెట్టుకున్నాడు.

నా చేతికి ముఖం వచ్చిన మొదటి ఏడాదే ఆ పాపం జరిగింది. నా తర్వాత చేరి, నాకంటే ముందు డిపార్టుమెంటు పరీక్ష పాసయిన ఒకాయన ఆ నెల అంతా నా కళ్ళ ముందు మిఠాయి పంచుతూ తిరిగాడు. రాజుగారి ముక్కు దిద్దుతుంటే అది తనంతట తానే ఆ మిఠాయి పంచినాయన ముక్కు అయింది. బుగ్గలు కూడా దాని వెనకే వెళ్ళాయి. మర్నాడు మధ్యాహ్నం గద లేచి దిగింది. నాకు కలిగిన సుఖం ఇంతా అంతా కాదు. తిరుపతికి వెళ్ళి అతని సీటు దగ్గరికి నడిచి, మనస్ఫూర్తిగా అభినందనలు చెప్పాను.

ఆ తర్వాత ఏడాదికొకరు. మా బావమరిది మూడంతస్తుల ఇల్లు కట్టి మేడ మీదికి లిఫ్టు పెట్టించిన ఏడు, ఆయన గడ్డం. ఎదురింటాయన కూతురికి మెడిసిన్ సీటు వచ్చిన ఏడు, ఆయన చెంపలు. ఒక గణతంత్ర దినం నాడు ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం అందుకున్న ఒకాయనకైతే కిరీటం కూడా ఆయన బట్టతల కొలతకే చేశాను. వీళ్ళెవరూ నాకు అన్యాయం చేసినవాళ్ళు కారు. ఇప్పుడు వరసగా తలుచుకుంటే అది తెలుస్తోంది గానీ, అప్పట్లో అంత దూరం ఆలోచించలేదు.

ఈ రహస్యం తెలిసిన మనిషి నా భార్య ఒక్కతే. తిరునాళ్ళ మిట్ట ఎక్కగానే చెంగు నోటికడ్డం పెట్టుకుని, ‘ఈ తూరి ఎవురు?’ అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి కాదు. కాసేపు చూసి తనే పట్టేసేది. తన అన్న గడ్డం వచ్చిన ఏడు మాత్రం నాకు రెండు రోజులు సంగటిలోకి ఊరుబిండి పచ్చడి వేయలేదు.

ఇక కిందటేడు సంగతి. మా ఆఫీసుకి గూడూరు నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. ఏ ఆఫీసని అడక్కండి, ఫైళ్ళుండే ఆఫీసు. మనిషి చెడ్డవాడేం కాదు. వచ్చిన వారానికే సొంత తోట నిమ్మకాయలు బస్తాడు తెచ్చి అందరికీ పంచాడు. ఆయన ముఖంలో రెండు విశేషాలు. కుడి కనుబొమ మధ్యలో చిన్నప్పుడు ఎప్పుడో పడ్డ గాటు ఉంది, అక్కడ వెంట్రుకలు మొలవవు. రెండోది కింది పెదవి. ఆయన దేనికైనా వద్దు అనబోయే ముందు అది అర అంగుళం బయటికొస్తుంది. మాట తర్వాత వస్తుంది. నెల తిరిగేసరికి మేమందరం పెదవి చూసి ఫైలు వెనక్కి తీసుకోవడం నేర్చుకున్నాం.

ఒక రోజు అందరినీ కూర్చోబెట్టి మాట్లాడుతూ నా నోటు ఒకటి చేతికి తీసుకున్నాడు. ‘మన సూపరింటెండెంటుగారి అక్షరాలు ముత్యాలు. ఆ ముత్యాలు పేర్చుకుంటూ కూచుంటే ఫైలు కదిలేదెప్పుడు?’ అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ కింది పెదవి మందం ఎంతో కంటితో కొలుచుకున్నాను.

ఆ ఏడాదే నా ప్రమోషన్‌కి ఆఖరి అవకాశం. అది తప్పితే సూపరింటెండెంటుగానే రిటైరవుతాను. పేరు పంపవలసింది ఆయన. ఒకే ఖాళీ, దానికి ఇద్దరం. నేనూ, నాకంటే పదకొండేళ్ళు చిన్నవాడైన ఇంకొకాయనా. నా భార్య ఈ ప్రమోషన్ వచ్చేసినట్టే వాళ్ళవాళ్ళకి చెప్పేసింది. మా అబ్బాయి పెళ్ళి కుదిరేలా ఉంది. మా వైపు పెళ్ళిపత్రికల్లో తండ్రి పేరు కింద హోదా అచ్చువేయిస్తారు. నా భార్య పుట్టింటి వైపు పత్రికలన్నిటిలోనూ పేరు కింద ‘అధికారి’ అని ఉంటుంది. నా పేరు కింద కూడా ఆ మాట చూడాలని ఆమె కోరిక. అది చిన్న కోరిక కాదని నాకు తెలుసు, నాకూ అదే కోరిక ఉండేది.

పైకి పంపడానికి ఒక ఫారం ఇచ్చారు. ‘మీరు ఇంతవరకు సాధించిన విజయాలు, ప్రాధాన్యతా క్రమంలో’ అని పది గీతలు. మొదటి గీత మీద పెన్ను పెట్టి ముప్పావుగంట కూర్చున్నాను. పాత రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినట్టు రాశాను. అది నిజానికి మా టైపిస్టమ్మ చేసిన పని. ఆఫీసు ఆవరణలో మొక్కలు నాటించినట్టు రాశాను. అవి చచ్చిపోయిన సంగతి రాయలేదు. నాలుగు గీతలు నింపేసరికి విజయాలు అయిపోయాయి. మిగతా ఆరు గీతలూ నాకేసి చూస్తూ ఉన్నాయి. మట్టి మాట రాయాలని మాత్రం తోచలేదు. అసలు అది కూడా నా జీవితంలో భాగమని ఆ నిమిషంలో గుర్తే రాలేదు.

ఆ ఫారం ఇచ్చిన వారానికి తిరునాళ్ళు. ఎప్పటిలాగే మూడు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను.

ఆ మూడు రోజులూ ఎలా ఉంటాయో చెప్పాలి. ట్రాక్టరు మీద చెరువు మట్టి దిగుతుంది. ఊక కలిపి కాళ్ళతో తొక్కుతాం. ముక్కు లోపల ఇటుకలు పెడతాను, లేకపోతే ఎండకి కుంగిపోతుంది. కళ్ళకి రెండు పెద్ద మట్టిమూకుళ్ళు బోర్లించి, సున్నం కొట్టి, నల్లగుడ్డు దిద్దుతాను. పొద్దున కూర్చుంటే ఎవరో వచ్చి వీపు తడితే గానీ మధ్యాహ్నమైందని తెలియదు. ఆఫీసులో గంటకి నాలుగు సార్లు గడియారం చూసేవాణ్ణి, అక్కడ వాచీ ఎక్కడ పెట్టానో కూడా గుర్తుండదు. మోకాళ్ళు నొప్పి పెట్టవు. బీపీ మాత్ర మర్చిపోతాను, అయినా ఏమీ కాదు. మామ మంచం మీద నుంచి, ‘అది ముక్కా, వంకాయా? మళ్ళా పెట్టు’ అని అరుస్తుంటాడు. పీకి మళ్ళీ పెడతాను. మా పెద్దసారు ఒక మాటంటే నెల రోజులు మండే నాకు, ఈయన రోజుకి వంద మాటలన్నా ఆకలే పెరుగుతుంది.

కిందటేడు ఆ ముఖం కుదిరినట్టు నా జన్మలో ఏదీ కుదరలేదు. రెండో రోజు సాయంత్రం కనుబొమలో ఆ గాటు పెట్టాను. వేలి గోటితో ఒక్క గీత. అంతే, పెద్దసారు అక్కడ పడుకుని ఉన్నాడు. కింది పెదవి అర అంగుళం కాదు, కొలతకి తగ్గట్టు ఒక జానెడు బయటికి తెచ్చాను. ఊరంతటికీ వద్దు అంటున్నట్టు ఉంది. మామ మంచం దిగి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. తిట్టలేదు. మామ తిట్టకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ సాయంత్రం ఒళ్ళంతా తేలికైపోయి, కారణం లేకుండా వచ్చేపోయే వాళ్ళందరికీ టీలు తాగించాను.

మర్నాడు ఆఖరి రోజు. పొద్దున ఎనిమిది గంటలకి నేను మీసానికి నలుపు వేస్తుంటే ఫోను మోగింది. మా పెద్దసారు డ్రైవరు. అతనిది ఐరాల పక్కన ఊరే.

‘సార్, మీ ఊర్లో తిరునాళ్ళు శానా బాగుంటాదని నేనే సార్‌కి చెప్పినా. అమ్మగారు సూడాలంటాండారు. పదింటికంతా ఆడికొచ్చేస్తాం. మీకు తెలిస్తే సంతోషపడతారని ముందుగా చెప్తాండా.’

నా చేతిలో బ్రష్షు ఉంది. కాలి కింద రాజుగారి బుగ్గ ఉంది. ఎదురుగా ఆ పెదవి ఉంది. సంతోషపడ్డానని చెప్పి ఫోను పెట్టేశాను.

అప్పుడే నా భార్య దోసెల గిన్నెతో మిట్ట ఎక్కుతోంది. ఈసారి, ‘ఎవురు’ అని అడగడానికి నోరు తెరిచి, అడగకుండానే ఆగిపోయింది. మా ఆఫీసు ఫంక్షన్లో ఆమె ఆయన్ని చూసింది.

‘అయ్యో నా కర్మా! మీ పెద్దసారు కదా ఇది?’

‘వస్తున్నాడు. పదింటికి’ అన్నాను.

ఆమె గిన్నె కింద పెట్టేసింది. ‘ఇంకా రెండు గంటలుండాది. ముక్కు మార్చండి. ఆ పెదవి నొక్కేయండి. ఆ కనుబొమలో సందు పూడ్చేయండి, సాలు. ఇంతకాలం ఎదురు సూసినాము, మట్టి బొమ్మ కోసరం పోగొట్టుకుంటామా?’

ఆమె అన్నది న్యాయమే. బొమ్మ ఉండబోయేది ఇంకో నాలుగు గంటలు. ప్రమోషన్ ఉండేది జీవితాంతం, ఆ పైన పెన్షన్లో కూడా. చిన్నపిల్లలైనా ఏది ఎక్కువో చెప్పేస్తారు. బక్కెట్లో నీళ్ళు తీసుకుని, చెయ్యి తడుపుకుని, రాజుగారి గడ్డం మీదికి ఎక్కాను. అరచేతిని ఆ పెదవి మీద పెట్టాను. మెత్తగా, చల్లగా ఉంది. గట్టిగా నొక్కితే చాలు, మామూలు పెదవైపోతుంది.

‘అల్లుడా’ అని పిలిచాడు మామ మంచం మీద నుంచి.

‘ఏంది మామా?’

‘పెదివి మార్చుకో. ముక్కు మార్చుకో. నేనేం అనను. ఇన్నేండ్లుగా శానా మందివి తెచ్చి పెట్టినావు, సూస్తానే ఉండా.’

‘నీకు తెలుసా మామా?’

‘తెలీకుండా ఎట్లుంటాది? నా పని ఏంది, సూసేది కదా. ముక్కులు మారినాయి, గడ్డాలు మారినాయి. కండ్లు మాత్రం యా ఏడూ మారలా. ఎప్పుడూ ఒగరియే.’

‘ఎవరివి?’

మామ బీడీ తీసి, అటూ ఇటూ తిప్పి, చెవి మీద పెట్టుకున్నాడు. ‘ఇంగెవురియి? నీయే’ అన్నాడు.

నేను గడ్డం మీద నుంచి ముక్కు మీదికి పాక్కుంటూ వెళ్ళి ఆ కళ్ళు చూశాను. నేను దిద్దినవే. నిన్న మధ్యాహ్నం, ఎవరినీ తలుచుకోకుండా, చేతికి వచ్చినట్టు దిద్దాను. లోపలి మూలలు కొద్దిగా కిందికి జారి, పక్కవాడి విస్తట్లోకి చూస్తున్నట్టు ఉన్నాయి. పొద్దున షేవింగు చేసుకునేటప్పుడు అద్దంలో నేను రోజూ చూసే కళ్ళు. ఆ ఫారంలో ఖాళీ గీతల్ని చూసిన కళ్ళు.

నాకు సిగ్గేసింది. ఆ రాజు చేతకానివాడై చెడలేదు. గద తిప్పడంలో ఆయన్ని మించినవాడు లేడని పద్దెనిమిది రోజులూ కథలో చెబుతూనే ఉంటారు. తనకున్నది చాలక కాదు, అవతలివాళ్ళకి ఉన్నది చూడలేక చెడ్డాడు. నేను ఇరవై రెండేళ్ళు ఆ ముఖం దిద్దుతూ, ఆ మాట ఒక్కసారి కూడా నా గురించి అనుకోలేదు. ఎవరికి ఏం వచ్చిందో వాళ్ళ ముక్కులు తెచ్చి రాజుగారికి అతికించి కొట్టించాను. ఆ ముక్కుల పైన కూర్చుని చూస్తున్నది మాత్రం ప్రతిసారీ నేనే.

చిత్రమేమిటంటే అంత సిగ్గులోనూ ఇంకో సంగతి కళ్ళబడింది. ఆ ముఖం ఎంత బాగుందో! కనుబొమ గాటు దగ్గర వెలుగు ఎంత సరిగ్గా ఆగిందో! నేను ఎవరికంటే ఎక్కువో తక్కువో అన్న ధ్యాస లేకుండా చేసిన పని నా జీవితంలో ఏదైనా ఉందంటే అది కాళ్ళ కింద ఉన్న ఈ మట్టే. కోపంతో మొదలుపెట్టిన మాట నిజం. కానీ మొదటి ముద్ద పెట్టాక కోపం ఎటు పోయేదో, మూడు రోజులు నాకు కనబడేది కాదు. దాన్ని నా చేత్తోనే చెరిపి, పది గంటలకి చేతులు కట్టుకుని నిలబడాలా?

కిందికి దిగి బక్కెట్లో చేతులు కడుక్కున్నాను.

‘మార్చను’ అన్నాను నా భార్యతో. ‘దీన్ని చెరిపితే వచ్చే ప్రమోషన్ నాకొద్దు.’

ఆమె నా ముఖంలోకి చూసింది. దోసెల గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఇంకా తినలేదని ఇద్దరికీ గుర్తులేదు.

పదింటికి జీపు వచ్చింది. పెద్దసారు, ఆయన భార్య దిగారు. పలకలు మోగుతున్నాయి, ఊరి పెద్దలు ఎదురు వెళ్ళి తలపాగా చుట్టారు. నేను కిరీటం చాటున నిలబడ్డాను. అక్కడి నుంచి దూరం వెళ్ళడానికి కాళ్ళు రాలేదు, ముందుకు వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

ఆయన రాజుగారి పాదాల నుంచి మొదలుపెట్టి, తీరిగ్గా నడుచుకుంటూ ముఖం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ఆయన కింది పెదవి మెల్లగా ముందుకు వచ్చింది. రెండు పెదవులూ ఎదురెదురుగా ఉన్నాయి. నా ఉద్యోగం మొత్తం కళ్ళ ముందు తిరిగింది.

‘ఎవురయ్యా ఈ బొమ్మ చేసింది?’ అన్నాడు.

‘ఊరు చేసినాది సామీ’ అన్నారు పెద్దలు ఒక్క గొంతుతో.

‘ఎవుణ్ణో చూసినట్టుండాదే’ అని గడ్డం నిమురుకుని, ఉన్నట్టుండి చప్పట్లు కొట్టాడు. ‘ఇంకెవురు! మా తోడల్లుడు! ఏమే, ఇట్రా, చూడు, అచ్చం మీ చెల్లెలి మొగుడే. ఆ పొగరూ, ఆ మూతీ!’

ఆవిడ వచ్చింది. బొమ్మని చూసింది. భర్తని చూసింది. మళ్ళీ బొమ్మని చూసింది. పమిట నోట్లో కుక్కుకుంది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. భక్తితో ఏడుస్తోందనుకుని మా ఊరి ముసలమ్మ ఒకావిడ చేతికి మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన తన ఫోను తీసి, బొమ్మ పక్కన నిలబడి ఫొటో దిగి, అక్కడికక్కడే తోడల్లుడికి పంపించాడు. ఆవిడ నీళ్ళు తాగి, నెమ్మదించి, చుట్టూ చూడ్డం మొదలుపెట్టింది. ఒక్కొక్కరి చేతులూ చూస్తూ వచ్చి, నా మోచేతుల దాకా అంటిన సున్నం దగ్గర ఆగింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అది ఇంకా పెద్ద తప్పు.

మధ్యాహ్నం గద దిగింది. ఎర్రనీళ్ళు చిమ్మాయి. ఆడవాళ్ళు విరుచుకుపడ్డారు. అందరూ తొడ వైపు, ఛాతీ వైపు పరిగెత్తితే, పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని ఒక్కావిడ మాత్రం తిన్నగా ముఖం మీదికి వెళ్ళింది. కింది పెదవిని రెండు చేతులతో పెకలించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జీపెక్కింది.

నెల తర్వాత ప్రమోషన్ల జాబితా వచ్చింది. నా పేరు లేదు. పదకొండేళ్ళు చిన్నవాడి పేరు ఉంది. బొమ్మ వల్ల కాదు, ఆయనకి ఈ రోజుకీ అది తన తోడల్లుడే. ఆ చిన్నవాడు నాకంటే బాగా పనిచేస్తాడు, అంతకు మించి ఏమీ లేదు. నా భార్య నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు పెళ్ళిపత్రిక నమూనా తెచ్చి ముందు పెట్టింది. నా పేరు కింద చోటు ఖాళీగా ఉంది. ‘ఏం వేయిస్తావు?’ అని అడిగాను. ‘ఏమీ వద్దులే. పేరు సాలు. మీరెవురో వచ్చేవాళ్ళకి తెలీదా?’ అంది. ఆమె గొంతులో బాధ ఉంది, దాచుకోలేదు. ఆ బాధ చూసి నాకూ బాధేసింది. ప్రమోషన్ పోయినందుకు నేను పడ్డ బాధ మొత్తం అదే.

కార్తీకంలో పెద్దసారు ఇంట్లో వ్రతానికి పిలిస్తే ఇద్దరం వెళ్ళాం. ప్రసాదం పెట్టాక ఆవిడ మమ్మల్ని పూజగదికి తీసుకెళ్ళింది. దేవుళ్ళ పటాల కింద, ఇత్తడి పళ్ళెంలో, పసుపూ కుంకుమా పెట్టుకుని ఆ పెదవి ఉంది. హాల్లో భర్త ఎవరితోనో వద్దు వద్దు అంటున్నాడు. ఆవిడ అటు ఒక చెవి పెట్టి, నా వైపు తిరిగి మెల్లగా, ‘ఇది మాత్రం దేనికీ వద్దనదు అన్నా’ అంది. నా భార్య ఫక్కున నవ్వేసింది. జాబితా వచ్చిన తర్వాత ఆమె అలా నవ్వడం అదే మొదలు.

ఈ ఏడు మళ్ళీ తిరునాళ్ళు. ఎప్పటి లెక్కన చూస్తే ముఖం ఎవరిదో ముందే ఖాయం. నా పదోన్నతి ఎత్తుకుపోయిన కుర్రాధికారి ఉన్నాడు, అతనికి చిలకముక్కు. నేను చేయకపోయినా మట్టే చేస్తుందనుకున్నాను. కూర్చున్నాను. చిలకముక్కు పెట్టాను. అది నిలబడలేదు. కోపం తెచ్చుకుందామని అతను కొత్త గదిలో కూర్చున్న తీరు గుర్తు చేసుకున్నాను. పాపం ఆ గదిలో ఏసీ పనిచేయదు. మా బావమరిది లిఫ్టు గుర్తు చేసుకున్నాను. అది చెడిపోయి, ఆయన ఈ వయసులో మూడంతస్తులూ ఎక్కుతున్నాడు. ఎవరి మీద చూసినా రావలసినంత కోపం రాలేదు. సరే, చేతికి ఏది వస్తే అదే రానిమ్మని వదిలేశాను.

మూడో రోజు పొద్దున ఊరంతా మిట్ట మీద చేరి గొడవ. రాజుగారు నవ్వుతున్నాడు. పళ్ళు కనిపించే నవ్వు కాదు, కడుపునిండా తిని, ఒక కునుకు తీద్దామని వెల్లకిలా పడుకున్నవాడి నవ్వు. ‘సచ్చేవాడు ఇట్లుంటాడా?’ అని పెద్దలు నిలదీశారు. మామ మంచం దిగి, చుట్టూ తిరిగి, కళ్ళ దగ్గర వంగి చూశాడు.

‘కండ్లు ఈ తూరి కూడా నీయేలే అల్లుడా’ అన్నాడు. వెళ్ళి కూర్చుని, చెవి మీద బీడీ తీసి ముట్టించుకున్నాడు.

మార్చడానికి పొద్దు చాలలేదు. మధ్యాహ్నం గద వేషగాడు వచ్చాడు. మా ఊరి రైతే, ఏటా ఆయనే కడతాడు. పలకలు జోరందుకున్నాయి. మూడు చుట్లు తిరిగి, గద పైకెత్తి, ముఖం వైపు చూసి దించేశాడు. మళ్ళీ ఎత్తి మళ్ళీ దించాడు. జనం అరుస్తున్నారు. ఆయన చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

‘ఏందప్పా ఇది? ఇట్ల నవ్వతా పొణుకోనుంటే నేనెట్ల కొట్టేది?’

‘నిమ్మళంగా కొట్టన్నా’ అన్నాను. ‘ఇప్పుడేం నొప్పి లేదు.’